"అవతలి లోకానికి తలుపు ఎక్కడుంది, సార్?" - సమాంతర విశ్వాలపై అపోహలు, వాస్తవాలు

ఓటీటీలో సమాంతర విశ్వాల సైన్స్ ఫిక్షన్ సీరియల్ సీజన్ ఆఖరి ఎపిసోడ్ వచ్చిన వారంలో నల్లగొండలో ఫిజిక్స్ చెప్పే ఏ లెక్చరర్‌కైనా పాఠం ముందుకు సాగదు. ల్యాబ్‌లో తలుపు తెరుచుకుంటుంది. అవతల అదే ఊరు, అదే మనిషి, వేరే బతుకు. హీరోయిన్ అటు పోయి తన జంటమనిషిని కలిసి వెనక్కి వస్తుంది. కథగా బాగుంది. రచయితలు ఒక సంగతి సరిగ్గానే పట్టుకున్నారు కూడా: రెండు లోకాలూ ఒక క్షణం దాకా ఒకటే, ఆ తర్వాత దారులు వేరయ్యాయి. 1957లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ ప్రిన్స్‌టన్ థీసిస్ చెప్పేదీ దాదాపు ఇదే: క్వాంటం సంఘటనకు వీలున్న ఫలితాలన్నీ వేర్వేరు శాఖల్లో జరుగుతాయని. చిక్కంతా రాకపోకలతోనే. క్లాసులో వచ్చే ప్రశ్నలూ వాటి మీదే.

"సార్, క్వాంటం జంపింగ్ క్లాసులంట. ఆన్‌లైన్‌ల చెప్తరంట. ఫీజు కట్టాల్నా?"

వద్దు. ఎందుకు వద్దో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం డబ్బూ నిద్రా ఎక్కువగా పోగొట్టుకుంటున్నది ఇక్కడే.

అపోహ: సాధన చేస్తే మనకు నచ్చిన విశ్వంలోకి మారిపోవచ్చు

ఎవరెట్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమే అనుకున్నా మారలేరు. సరైన యంత్రం ఇంకా తయారు కాలేదన్నది కారణం కాదు. శాఖలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే సంగతి అర్థమవుతుంది. క్వాంటం స్థితి కాలంతో ఎలా మారుతుందో చెప్పే ష్రోడింగర్ సమీకరణం లీనియర్. రెండు పరిష్కారాలను కూడితే వచ్చేదీ పరిష్కారమే, ఆ కూడికలో ఏ భాగమూ రెండోదాని జోలికి పోకుండా తన దారిన తాను మారుతూ పోతుంది. ఎవరెట్ చేసిందల్లా ఆ సమీకరణాన్ని కొలిచే పరికరానికీ, దాన్ని చూసే మనిషికీ కూడా వర్తింపజేయడం, కొలత దగ్గర వేవ్ ఫంక్షన్ (ఆ స్థితిని చెప్పే గణిత రూపం) ఒక్క ఫలితానికి కుప్పకూలుతుందన్న అదనపు నియమాన్ని తీసేయడం. శాఖలను ఇచ్చింది లీనియారిటీ, వాటి మధ్య రాకపోకలు బంద్ చేసిందీ అదే. మొదటిది ఉంచుకుని రెండోది వద్దంటే లెక్క ఒప్పుకోదు.

"మరి సమీకరణంలోనే చిన్న తేడా ఉంటే?" అని తెలివైన పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న, అడిగినవాళ్లు ముందే ఉన్నారు. 1989లో భౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ వైన్‌బర్గ్ సమీకరణానికి చిన్న నాన్‌లీనియర్ పదం చేరిస్తే ఏమవుతుందో రాశారు. అది ఉంటే కాంతిని మించిన వేగంతోనైనా, లేదా శాఖకూ శాఖకూ మధ్యనైనా సందేశాలు పోతాయని 1991లో జోసెఫ్ పోల్చిన్‌స్కీ చూపించారు. రెండోదానికి ఎవరెట్ ఫోన్ అనే పేరు కూడా పడింది. అమెరికాలో బౌల్డర్ ల్యాబ్‌లో బెరీలియం అయాన్ల మీద అలాంటి పదం కోసం వెతికారు. జాడ దొరకలేదు. ఫోన్ కాల్‌కే లైన్ లేదు, మనిషి పోయే మాట ఎక్కడిది?

ఇక డీకోహెరెన్స్, అంటే పరిసరాలు తగిలి శాఖల మధ్య పొందిక చెదిరిపోవడం. రెండు శాఖలు మళ్లీ కలిసి ఇంటర్‌ఫెరెన్స్ (అలలు ఒకదానిమీద ఒకటి పడి పట్టీలు పట్టీలుగా కనిపించడం) చూపాలంటే వాటి మధ్య ఫేజ్, అంటే అలల ఎగుడుదిగుళ్ల పొందిక, చెడకూడదు. ఒక గాలి అణువు తగిలినా, ఒక ఇన్‌ఫ్రారెడ్ ఫోటాన్ (వెలుగు కణం) బయటికి జారినా "ఎటు పోయింది" అన్న సమాచారం పరిసరాల్లో కలిసిపోతుంది, ఫేజ్ పోతుంది. వియన్నాలో 1999లో 60 కార్బన్ పరమాణువుల బంతులతో ఇంటర్‌ఫెరెన్స్ చూపించారు. 2019 నాటికి దాదాపు 2,000 పరమాణువులున్న అణువుల దాకా రాగలిగారు. అదీ గాలి పీకేసిన గొట్టంలో, కంపనాలు లేకుండా చూసుకుని. అణువు బాగా వేడెక్కితే చాలు, తాను వెదజల్లే వెలుగే దాని దారిని బయటపెట్టి పట్టీలను చెరిపేస్తుంది. మనిషి ఒంట్లో పరమాణువులు సుమారు 7 పక్కన 27 సున్నాలు. 37 డిగ్రీల వేడి, ఊపిరి, చెమట. సాధన ఎక్కడ మొదలుపెడతారు?

క్లాసుల్లో చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది. రెండు గ్లాసులు తీసుకోవాలి. ఒకదానికి ఇప్పటి పరిస్థితి, రెండోదానికి కావలసిన పరిస్థితి రాసిన కాగితాలు అంటించాలి. మొదటిదాంట్లో నీళ్లు పోసి, కళ్లు మూసుకుని, రెండోదాంట్లోకి వంపి తాగాలి. 200 మిల్లీలీటర్ల నీళ్లలో దాదాపు 67 పక్కన 23 సున్నాలంత అణువులుంటాయి, సెకనుకు లక్షల కోట్ల సార్లు పక్కవాటితో గుద్దుకుంటూ. కాగితం మీది అక్షరాలు వాటికి తెలిసే దారి లేదు. మరి "నాకు పనిచేసింది" అనేవాళ్లు? కావలసింది కాగితం మీద రాసుకున్నవాడికి ఆ పని మీద ధ్యాస పెరుగుతుంది, జరిగినవి గుర్తుంటాయి, జరగనివి మరుగున పడతాయి. దానికి రెండో గ్లాసు అక్కర్లేదు, ఫీజు అసలే అక్కర్లేదు.

ఇంకా కట్టాలనే ఉంటే ముందు నిర్వాహకుణ్ణి రెండు ప్రశ్నలు అడగండి. జంప్ ఫెయిలైందని ఏ గుర్తుతో తేలుస్తారు? అవతల ఇప్పటికే ఒక నేను ఉన్నాను కదా, నేను పోయాక వాడెక్కడికి పోతాడు? మొదటిదానికి "మీకు నమ్మకం చాలలేదు" అన్న జవాబు వస్తే ఫోన్ పెట్టేయండి. ఫెయిలయ్యే వీలే లేని పరీక్ష పరీక్ష కాదు. రెండోదానికి మాత్రం ఏం చెబుతారో వినండి, కాలక్షేపం.

తల్లిదండ్రుల భయం వేరే రకం. "మా పోరడు రాత్రిపూట చేతులు కాళ్లు చాపి పండుకొని నూరు దాకా లెక్కవెడ్తుండు సారూ, ఏమన్న గాలి సోకిందా?" ఏ గాలీ సోకలేదు. రియాలిటీ షిఫ్టింగ్ పేరుతో ఫోన్లలో తిరిగే పద్ధతి అది. కదలకుండా పడుకుని మెలకువగా ఉండాలని చూస్తే నిద్ర అంచున బొమ్మలు, గొంతులు, తేలిపోతున్నట్టు అనుభూతి రావడం మామూలే. కొందరికి కల అని తెలిసే కలలూ వస్తాయి. పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే చూశాడు, పేరు తప్పు పెట్టుకున్నాడు. తాయత్తులు కట్టించకండి, కొట్టకండి. పదింటికి ఫోన్ హాల్లో పెట్టించి నిద్ర పోనివ్వండి.

అపోహ: ప్రతి నిర్ణయానికీ విశ్వం చీలుతుంది, కాబట్టి అవతలి నేను బాగానే ఉంటాను

మీ నిర్ణయాలకూ శాఖలకూ ప్రత్యేక సంబంధం లేదు. మిర్యాలగూడ బస్సెక్కాలా, దేవరకొండ బస్సెక్కాలా అన్నది మెదడు చేసే పని. అక్కడ న్యూరాన్లు వేడిగా, తడిగా, దాదాపు క్లాసికల్‌గా, అంటే క్వాంటం వింతలు లేని మామూలు నియమాలతో నడుస్తాయి. శాఖలకు దారితీసేవి క్వాంటం సంఘటనలు. యురేనియం నిక్షేపాలున్న లంబాపూర్, పెద్దగట్టు పేర్లు విన్న మన జిల్లావాళ్లకు యురేనియం పరమాణువు ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరన్న సంగతి కొత్త కాదు. దానికోసం అంత దూరం పోనక్కర్లేదు. 70 కిలోల మనిషి ఒంట్లో ఉండే రేడియోధార్మిక పొటాషియం-40 సెకనుకు 4,000కు పైగా పగుళ్లు పగులుతుంది. ఎవరెట్ మాట నిజమైతే మీరు నిద్రపోతున్నా ఆ చీలికలు ఆగవు, మీ పరీక్షతో వాటికి పని లేదు.

ఇంటర్ ఫలితాల రోజుల్లో "ఇంకో లోకంల పాసైనట్టే కదా సార్" అని నవ్వుతూ అనేవాళ్లతో గొడవ లేదు. అదే మాట ముందుకు సాగి "ఇక్కడ నేను లేకున్నా అక్కడ ఉంట" దాకా వస్తే మాత్రం ఫిజిక్స్ పాఠం ఆపేయాలి. ఎవరెట్ లెక్కలో ప్రాణానికి బదిలీ అనేదే లేదు. ఇక్కడ పోయిన మనిషి ఇక్కడ పోయినట్టే, ఏడ్చేది ఇక్కడి అమ్మానాన్నలే. ఆ మాట అన్న పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ ఒంటరిగా వదలకండి, కూర్చోబెట్టి వినండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

మిగతావి త్వరగా.

"నాసా సమాంతర విశ్వాన్ని కనిపెట్టింది." 2020 మే నెలలో పుట్టిన పుకారు, ఇప్పటికీ వాట్సాప్‌లో కొత్త వార్తలా వస్తుంది. అంటార్కిటికా మీద సుమారు 37 కిలోమీటర్ల ఎత్తున బెలూన్‌కు కట్టిన అనీటా యాంటెనాలు మంచు లోపలి నుంచి పైకి వచ్చినట్టున్న రెండు రేడియో సంకేతాలను పట్టాయి. అదే మంచులో ఉన్న ఐస్‌క్యూబ్ పరికరం ఆ దిక్కున వెతికితే వాటికి సరిపడే న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు దొరకలేదు. కారణం తేలలేదు అన్నచోట పత్రికలు "కాలం వెనక్కి నడిచే లోకం" అని రాసుకున్నాయి. పానగల్ ఛాయా సోమేశ్వర గుడిలో పొద్దంతా కదలని నీడను చూసి చాలామంది మహిమ అనుకున్నారు. అది నేరుగా పడే ఎండ నీడ కాదు, ఆవరణలో చెదిరి లోపలికి వచ్చే వెలుతురు స్తంభాల దగ్గర ఆగడం వల్ల పడేది. తేలని సంగతికి కూడా కారణం ఉంటుంది, తొందర పడకూడదంతే.

"సెర్న్‌లో నటరాజ విగ్రహం పెట్టి ద్వారం తెరుస్తున్నారు." విగ్రహం 2004లో భారతదేశం ఇచ్చిన కానుక. సెర్న్ అంటే జెనీవా దగ్గరి కణ పరిశోధన కేంద్రం. అక్కడి 27 కిలోమీటర్ల యంత్రంలో ప్రోటాన్లు ఢీకొట్టే శక్తి 13.6 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు. 1991లో యూటా ఆకాశంలో పట్టుబడ్డ ఒక కాస్మిక్ కిరణం గాలిలో పరమాణు కేంద్రకాన్ని ఢీకొట్టిన శక్తి, సమాన లెక్కలో, దానికి యాభై రెట్లకు పైనే. ఆకాశానికి ఏ చిల్లూ పడలేదు.

"క్వాంటం కంప్యూటర్ వేరే విశ్వాల్లో లెక్క చేసి తెస్తుంది." భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ డాయిష్ అలా అర్థం చెప్పుకుంటారు, అది వారి అభిప్రాయం. ఆ అభిప్రాయం లేనివాళ్లూ అదే కంప్యూటర్‌ను అదే సర్క్యూట్‌తో నడుపుతారు, జవాబు మారదు.

"మన పురాణాల్లో ముందే ఉంది." 14 లోకాలు ఒకే సృష్టిలో పైనా కిందా ఉన్నవి, నారదుడు రోజూ తిరిగొచ్చేవి. ఎవరెట్ శాఖలకు రాకపోకలు లేవు. పోలికే కావాలంటే త్రిశంకు స్వర్గం కాస్త దగ్గర, అక్కడ ఇరుక్కున్నవాడు తిరిగి రాలేదు.

సీరియల్ చూసి నిజంగా ఆసక్తి పుట్టిన పిల్లలకు ఇంట్లోనే చేసే పని ఒకటుంది. పొడవాటి వెంట్రుకను అగ్గిపెట్టె చట్రానికి నిట్టనిలువుగా బిగించి, ఎర్ర లేజర్ పాయింటర్ వెలుగు సరిగ్గా దాని మీద పడేలా బల్ల మీద కదలకుండా పెట్టండి. గోడ 2 మీటర్ల దూరంలో ఉండాలి, గది చీకటిగా ఉండాలి. గోడ మీద అడ్డంగా చుక్కలు చుక్కలుగా పట్టీలు వస్తాయి. వరుస చీకటి చారల మధ్య దూరం 18 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, 650 నానోమీటర్లను 2 మీటర్లతో గుణించి దానితో భాగిస్తే వెంట్రుక మందం 72 మైక్రోమీటర్లు. ఆకుపచ్చ లేజర్ అయితే 532 వేయాలి, చారలు 15 మిల్లీమీటర్ల దగ్గరికి జరుగుతాయి. ఒక్క మచ్చే కనిపిస్తే వెంట్రుక వెలుగు మధ్యలో లేదని అర్థం. పట్టీలు మసకగా ఉంటే లేజర్ కదులుతోంది, లేదా వెంట్రుకకు నూనె ఉంది, సబ్బుతో కడగండి. ఒక్క చారను కొలవొద్దు, నడిమి వెలుగు మచ్చను వదిలి ఒకే పక్కన పది ఖాళీలు కొలిచి పదితో భాగించండి.

1909లో జి.ఐ. టేలర్ వెంట్రుక బదులు సూది పెట్టి, మసిబారిన గాజులతో గ్యాస్ దీపాన్ని ఒకసారికి ఒక్క ఫోటానే దాటేంతగా మందగింపజేసి, ఫోటో ప్లేటును దాదాపు 2,000 గంటలు తెరిచి ఉంచారు. పట్టీలు అప్పుడూ అలాగే వచ్చాయి. ఎవరెట్ దాకా పోవాలనుకునేవాళ్లు ఆ ఫోటో దగ్గర మొదలుపెట్టాలి. లేజర్ మాత్రం 5 మిల్లీవాట్లకు లోపుదే కొనండి, జాతరలో అమ్మే లేబుల్ లేనివి వద్దు, వెలుగు అద్దం మీద పడకుండా చూడండి, కంటి ఎత్తున అసలే పెట్టొద్దు.