ఎల్‌ఎంఎస్సా, సొంత సాధనాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

యూనివర్సిటీ ఎల్‌ఎంఎస్‌ను, అంటే పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు నడిచే లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను చూసుకోవడం నా ఉద్యోగం. మూడుల్ కానీ, కాన్వాస్ కానీ, ఏది పెట్టినా తిట్టేవాళ్లు తిడుతూనే ఉంటారు, వెనకేసుకొచ్చేవాళ్లు వెనకేసుకొస్తూనే ఉంటారు. నా మటుకు నాకు తేల్చుకోవాల్సింది ఒక్కటే: కోర్సు ముగిశాక ఏది ఎవరి దగ్గర మిగలాలి?

అపోహ: ఎల్‌ఎంఎస్‌కు కాలం చెల్లింది.

ఈ మాట 2005 ప్రాంతం నుంచీ వింటున్నదే. బ్లాగులు, సైట్లలో కొత్తగా వచ్చినవాటిని మన దగ్గరికే తెచ్చే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లు ఊపందుకున్న రోజుల్లో, ఇకపై విద్యార్థే తనకు కావలసిన సాధనాలు ఏరుకుని చదువుకుంటాడన్నారు. దానికే పర్సనల్ లెర్నింగ్ ఎన్విరాన్‌మెంట్, పొట్టిగా పీఎల్‌ఈ అని పేరు. 2002లో వచ్చిన మూడుల్ మాత్రం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దాంట్లో పాఠాలు బ్రహ్మాండంగా ఉంటాయని కాదు. మార్కుల మీద ఎవరైనా అభ్యంతరం చెబితే, అసైన్‌మెంట్ ఏ రోజు ఎన్నింటికి అందిందో చూపించే లాగ్ కావాలి. విద్యార్థుల వివరాలు బయటపడితే అమెరికాలో ఫెర్పా, యూరప్‌లో జీడీపీఆర్ అనే గోప్యతా చట్టాల కింద సంస్థే జవాబు చెప్పుకోవాలి. మార్కుల జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టేసే లెక్చరర్లకు ఈ సంగతి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

అపోహ: పీఎల్‌ఈ అంటే ఒక యాప్.

కాదు. జొటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో దాచుకున్న వ్యాసాలు, నోట్సు, చూసే ఛానెళ్లు, సందేహం వస్తే అడిగే నలుగురు మనుషులు, అన్నీ కలిస్తే అదే.

అపోహ: సొంత సాధనాల్లో ఉన్నదంతా మన సొంతం.

ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్‌ను నమ్ముకుని చదువు అల్లుకున్నవాళ్లు ఎందరో. 2013 జూలైలో దాన్ని మూసేశారు. ఖాతా మనదే, సర్వర్ మాత్రం ఇంకొకరిది. అమెరికాలోని మేరీ వాషింగ్టన్ యూనివర్సిటీ ఈ ముడిని ఇంకోలా విప్పింది. ‘డొమైన్ ఆఫ్ వన్స్ ఓన్’ పేరుతో 2012లో ప్రయోగంగా మొదలుపెట్టి, తర్వాతి ఏడాది నుంచి విద్యార్థులకు సొంత డొమైన్ (వెబ్ చిరునామా), సైటు పెట్టుకునేందుకు వెబ్ హోస్టింగ్ ఇస్తూ వచ్చింది. చదువు అయ్యాక సైటును వెంట తీసుకెళ్లొచ్చు. ఖర్చు పెట్టింది సంస్థ, మిగిలేది విద్యార్థికి. నాకు తెలిసిన ఏర్పాట్లలో తెలివైనది ఇదే. చదువయ్యాక డొమైన్ రుసుము ఎవరు కట్టాలన్న ప్రశ్న ఒకటి ఉందనుకోండి.

ఎల్‌ఎంఎస్‌లో పరిస్థితి ఇంకా నయమేమీ కాదు. కోర్సు మూసేస్తే చర్చల్లో రాసినవీ, టీచర్ ఇచ్చిన వ్యాఖ్యలూ చాలాచోట్ల విద్యార్థికి కనబడకుండా పోతాయి. మూడుల్‌లో కోర్సు బ్యాకప్ తీసుకునే హక్కు మామూలుగా టీచర్‌కే ఉంటుంది. ఫైనల్ పరీక్షలకు ముందే ఆ వ్యాఖ్యలను దింపుకొమ్మని చెబుతుంటాను. వినేవాళ్లు తక్కువే.

అపోహ: ఈ తరం పిల్లలకు నేర్పక్కర్లేదు, అన్నీ వాళ్లకే వచ్చు.

ఫోన్ వాడటం వేరు, చెల్లాచెదురుగా ఉన్న సమాచారంతో చదువుకోవడం వేరు. 2008లో ఆన్‌లైన్ విద్య పరిశోధకులు జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ కెనడాలోని మానిటోబా యూనివర్సిటీ నుంచి కనెక్టివిజం (మనుషులు, సమాచారం మధ్య అల్లుకునే సంబంధాలే చదువు అనే సిద్ధాంతం) మీద ఒక ఆన్‌లైన్ కోర్సు నడిపారు. ఫీజు కట్టినవాళ్లు పాతిక మంది దాకా, ఉచితంగా చేరినవాళ్లు 2,000 మందికి పైగా. ఎవరి బ్లాగులో వాళ్లు రాసుకోవచ్చు. అంత స్వేచ్ఛలోనూ ఆ రాతలన్నిటినీ పోగుచేసి రోజూ ఈమెయిల్లో పంపే ఏర్పాటు డౌన్స్ చేయాల్సి వచ్చింది. ఎవరో ఒకరు కూర్చిపెట్టకపోతే కొత్తవాళ్లు దారి తప్పుతారు.

అపోహ: ఎల్‌టీఐతో ఎల్‌ఎంఎస్, సొంత సాధనాలు రెండూ కలిసిపోయాయి.

ఎల్‌టీఐ అంటే లెర్నింగ్ టూల్స్ ఇంటరాపరబిలిటీ. 2010లో వచ్చిన ఈ సాంకేతిక ప్రమాణం బయటి టూల్‌ను ఎల్‌ఎంఎస్‌కు తగిలిస్తుంది. మళ్లీ లాగిన్ అక్కర్లేదు, మార్కులు వాటంతటవే వెనక్కి వస్తాయి. బాగుంది. కానీ ఏ టూల్ తగిలించాలో తేల్చేది టీచరో, నాలాంటి అడ్మినో. తనకు నచ్చినదాన్ని విద్యార్థి తెచ్చుకునే వీలు అందులో లేదు. అందుకే అసైన్‌మెంట్ సెట్టింగుల్లో ఫైలుతో పాటు వెబ్ లింకు ఇచ్చే వీలు కూడా తెరిచి ఉంచమంటాను. పని విద్యార్థి సైటులోనే ఉంటుంది, రికార్డు మా దగ్గర ఉంటుంది. గడువు దాటాక పేజీ మార్చేసే ఘనులూ ఉంటారు కాబట్టి, లింకుతో పాటు పీడీఎఫ్ నకలు తప్పనిసరి చేయండి.