పీసీఓఎస్ ఉంటే పిల్లలు పుట్టరా? అపోహలు - వాస్తవాలు

నేను నల్గొండలో గైనకాలజిస్టుని. దేవరకొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి పెళ్లయి ఏడాదో రెండేళ్లో అయిన అమ్మాయిలు నా ఓపీకి వస్తుంటారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాని సమస్య) అని రాసిన రెండు మూడు స్కానింగ్ రిపోర్టులు. మొన్న ఒకమ్మాయి కుర్చీలో కూర్చోకముందే అడిగింది: "మేడం, ఈ నీళ్ల బుడగలు ఎప్పుడు కరుగుతయి?" పక్కనున్న వాళ్ల అత్తమ్మ, "బుడగలుంటే పిల్లలు కారట గదా" అన్నది. ఆ అమ్మాయి తల వంచుకుంది.

అపోహ: అండాశయంలో బుడగలు కరిగితేనే గర్భం వస్తుంది.

వాస్తవం: మందుల చీటీ వెనక బొమ్మ వేసి చూపించాను. ఒక గుండ్రం, దాని అంచు పొడవునా పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న సున్నాలు. ఇవి గడ్డలు కావు, కరిగించాల్సిన పనీ లేదు. ఒక్కో దాంట్లో ఒక్కో అండం ఉంటుంది. మామూలుగా నెలకు ఒకటి పెరిగి, సుమారు 18-20 మిల్లీమీటర్లయ్యాక పగిలి అండాన్ని వదులుతుంది. పీసీఓఎస్‌లో హార్మోన్ల తేడా వల్ల చాలావరకు 10 మిల్లీమీటర్ల లోపే ఆగిపోతాయి. అండాలు లేక కాదు, విడుదల కాకే ఆలస్యం. "ఇవన్నీ నీ అండాలేనమ్మా" అంటే అత్తమ్మ ఆ చీటీ తీసుకుని చాలాసేపు చూసింది.

ఇంకో మాట. స్కానింగ్‌లో అలా కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ అని ముద్ర వేయకూడదు. నెలసరి సరిగ్గా రాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం (గడ్డం మీద వెంట్రుకలు లాంటివి), స్కానింగ్‌లో ఇలా కనిపించడం: ఈ మూడింటిలో రెండైనా ఉండాలి. థైరాయిడ్, ప్రోలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) పరీక్షలు కూడా ముందే చూసుకోవాలి.

అపోహ: ఇరవై కిలోలు తగ్గితేనే పిల్లలు. అన్నం ముట్టొద్దు.

వాస్తవం: ఈ మాట విని కడుపు మాడ్చుకుని, కళ్లు తిరిగి వచ్చినవాళ్లను చూశాను. అధిక బరువున్నవారు 5 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మెరుగవుతుంది. 70 కిలోలుంటే మూడున్నర కిలోలు, అంతే. ఫలానా డైటే గొప్పదని ఇప్పటిదాకా ఏదీ తేలలేదు. కాబట్టి మన ఇంటి తిండే తినండి. రాత్రి అన్నం సగం చేసి, ఆ చోటు పప్పుకో, గుడ్డుకో, ఆకుకూరకో ఇవ్వండి. పాలమూరు ఇళ్లల్లో జొన్నరొట్టె ఇంకా పోలేదు, అది మంచిదే. "ఇంటి పనంతా నేనే చేస్త మేడం" అంటారు. నిజమే, కానీ కాస్త ఆయాసం వచ్చేలా రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు నడక వేరే కావాలి. సన్నగా ఉన్నవారికీ పీసీఓఎస్ వస్తుంది. వాళ్లను బరువు తగ్గమనడం తప్పు.

అపోహ: డాక్టర్ రాసిన లెట్రోజోల్ క్యాన్సర్ మాత్ర.

వాస్తవం: ఫోన్లో వెతికి, భయపడి, మాత్రలు అలాగే వెనక్కి తెచ్చేవాళ్లు నాకు తరచూ ఎదురవుతారు. వాళ్లను తప్పు పట్టను. అది రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందే. మన దేశంలో 2011లో సంతానలేమికి వాడకూడదని నిషేధించారు కూడా. 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. పీసీఓఎస్‌లో అండం విడుదలకు ఇప్పుడు ప్రపంచమంతా మొదట ఎంచుకునే మందు ఇదే. 2014లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 750 మంది పాల్గొన్నారు. పాత మందు క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతం మందికి, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది. నెలసరి మొదట్లో ఐదు రోజులే వాడతాం. గర్భం లేదని తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి. అందుకే పక్కింటివాళ్ల చీటీ పట్టుకుని మెడికల్ షాపులో కొనుక్కోవద్దు.

అపోహ: షుగర్ లేనివాళ్లకు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఎందుకు?

వాస్తవం: పీసీఓఎస్‌లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడానికి. అందరికీ అక్కర్లేదు. గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష మాత్రం గర్భానికి ముందే చేయించుకోండి. రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టండి. బరువు ఎక్కువున్నా, షుగర్ ఉన్నా డోసు మారవచ్చు, డాక్టర్ని అడగండి.

అపోహ: లోపం అమ్మాయిలో దొరికింది కదా, అబ్బాయికి పరీక్షలెందుకు?

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇది. "మా పిలగానికేం తక్కువ?" అంటూ ఆరేడు నెలలు కోడలికే మందులు మింగిస్తారు. పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచీ కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు సూది లేదు, నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. కలయిక లేకుండా రెండు నుంచి ఏడు రోజులు ఆగి శాంపిల్ ఇస్తే చాలు.

నెలసరి సరిగ్గా రానివాళ్లు పిల్లల కోసం ఏడాది చూస్తూ ఆగకుండా ముందే రండి. మూడు నెలలు దాటినా రాకపోతే గర్భసంచి పొర మందమవుతుంది, దాన్ని వదిలేయకూడదు. వచ్చేటప్పుడు ఇంట్లో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్న ఆరు నెలల డేట్లు ఒక కాగితం మీద రాసుకుని రండి. మీ ఆయన్ని బయట బండి దగ్గర ఉంచకుండా లోపలికి తీసుకురండి.