ఆందోళన మాత్రలన్నీ అలవాటైపోతాయా?

తిరుపతిలో నా ఓపీకి ప్యానిక్‌తో (ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయంతో) వచ్చేవాళ్లు జబ్బు గురించి కంటే ముందు మాత్రల గురించే అడుగుతారు. "ఇవి నిద్రమాత్రలే కదా సార్, అలవాటైపోతాయంట, పక్కింటాయన చెప్పినాడు." ఈ ఒక్క మాట చేసినంత నష్టం ఇంకే అపోహా చేయడం నేను చూడలేదు.

అపోహ: ఆందోళనకు ఇచ్చే మాత్రలన్నీ ఒకటే.

వాస్తవం: కాదు. ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి అసలు చికిత్స. వీటికి బానిసలవరు. కాకపోతే గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో కడుపులో తిప్పుతుంది, కొందరికి టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది కూడా. సరిగ్గా అప్పుడే ఆపేస్తారు! అలవాటయ్యేవి ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి. వేసుకున్న గంటలోపే నెమ్మదిస్తుంది కాబట్టి జనానికి ఇవే నచ్చుతాయి, పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కుంటూనే ఉంటారు. మేం రాసినా కొద్ది వారాలకే రాస్తాం.

పుత్తూరు వైపు నుంచి వచ్చే ఒకామెకు తిరుమల కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఉండగా మొదటి అటాక్ వచ్చింది. గుండె దడ, చేతులు తిమ్మిర్లు, ఇక ప్రాణం పోతుందన్న భయం. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ బాగున్నాయి. అయినా బస్సెక్కడం మానేసింది, పెళ్లిళ్లకు పోవడం మానేసింది. ఏదో అపచారం జరిగిందని చుట్టాలు అన్న మాట ఆమెను మరీ కుంగదీసింది (పాపం, భయంతో నలిగిపోతున్న మనిషితో అనాల్సిన మాటేనా అది). నేను రాసిన మందు వారం తిరక్కుండానే ఆపేసి, ఎవరో చెప్పారని ఆల్ప్రజోలామ్ మొదలుపెట్టింది. అర మాత్ర కాస్తా రోజుకు మూడయింది. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు కాబట్టి నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించి, అసలు మందు మళ్లీ ఇచ్చి, సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) చేశాం. దడకే భయపడే మనిషికి, దడ వచ్చినంత మాత్రాన ఏమీ కాదని ఒంటికి తెలియాలి. అందుకని అలిపిరి మెట్లు కొన్ని కొన్నిగా ఎక్కించాం. చివరికి 3,550 మెట్లూ ఎక్కి దర్శనం చేసుకొచ్చింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్యానిక్ అటాక్‌తో గుండె ఆగిపోదు, సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. అయితే మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే టెన్షన్‌లే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి. కవర్లో ఊపిరి పీల్చమనే సలహా ప్రమాదం. తాయెత్తు కట్టించుకుంటే కట్టించుకోండి, మందు మాత్రం మానకండి. తగ్గాక కూడా అసలు మందు ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి, ఆ తర్వాత ఆపడం కూడా మెల్లగానే.

తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళ ఫోన్ చేసినా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. నెలలుగా ఆల్ప్రజోలామ్ వేసుకుంటున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రికే ఆపేయకండి, ఆ స్ట్రిప్పు తీసుకుని డాక్టరు దగ్గరికి రండి.