వాట్లు చూసి స్పీకర్లు కొనేవాళ్లకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో స్పీకర్లు అమ్మడం, ఇళ్లకెళ్లి బిగించడం, పాడైతే విప్పి బాగుచేయడం నా పని. ఇరవై వేలో, మహా అయితే నలభై వేలో పట్టుకుని "పెద్ద కంపెనీ సౌండ్ రావాలె అన్నా" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. అదేమీ అత్యాశ కాదు. కాకపోతే ఆ డబ్బులో సగం చెవికి వినపడని వాటి మీదే పోతోంది.

అపోహ: వాట్లు ఎంత ఎక్కువైతే సౌండ్ అంత బాగుంటుంది

"గిది ఎన్ని వాట్స్ కొడ్తదన్నా?" అన్నదే మొదటి ప్రశ్న. అట్టపెట్టె మీద 10,000 వాట్స్ పీఎంపీఓ అని మెరిసే అక్షరాలుంటాయి. పీఎంపీఓకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. సెట్టు వెనక్కి తిప్పి, కరెంటు ఎంత లాగుతుందో రాసిన స్టిక్కర్ చూడండి. 60 వాట్స్ లాగే సెట్టు పది వేల వాట్లు ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే సెట్టు ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్.

అదొక్కటీ చూసినా చాలదు. పవర్ రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే (సౌండ్‌ను కొలిచేది డెసిబెల్స్‌లో). చెవికి రెండింతల సౌండ్‌లా అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. అందుకే సెన్సిటివిటీ ఎంతో, అంటే ఒక్క వాటుకు స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో అడగమంటాను. 88 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ 20 వాట్స్‌తో ఇచ్చే సౌండ్‌ను, 85 ఉన్న స్పీకర్ 40 వాట్స్ పెడితే గానీ ఇవ్వదు. పన్నెండడుగుల హాల్లో మామూలుగా పాటలు వినేటప్పుడు ఖర్చయ్యేది చాలాసార్లు రెండు మూడు వాట్లే.

అపోహ: 5.1 లేకపోతే అది సెట్టే కాదు

5.1 అంటే ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌ఊఫర్. ముప్పై వేలు ఆ ఆరు బాక్సులకూ ఒక డెక్కుకూ పంచితే ఒక్కో బాక్సుకు వచ్చేదెంత? అదే డబ్బులో రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (అరలో పట్టేంత చిన్నవి), కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్ డీ రకం చిన్న ఆంప్లిఫైయర్ ఒకటి వస్తాయి. నన్నడిగితే మూడింట రెండొంతులు స్పీకర్లకే పెట్టమంటాను. సబ్‌ఊఫర్ వచ్చే సంక్రాంతికి కొనుక్కోవచ్చు.

పాత పాటలు వినే ఇళ్లలోనైతే 5.1 మరీ దండగ. ఘంటసాల పాటల్లో చాలావరకు మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే సౌండ్ వచ్చేలా రికార్డైనవే. ఆ మోనో పాటతోనే నేను బిగింపు సరిగ్గా ఉందో లేదో చూస్తాను. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, కూర్చునే చోటు నుంచి ఒక్కోదానికి కూడా దాదాపు అంతే దూరం ఉండాలి. ట్వీటర్లు (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) చెవి ఎత్తులో ఉండాలి. అప్పుడు పాట పెడితే గొంతు సరిగ్గా మధ్యలో, ఎవరో అక్కడ నిలబడి పాడుతున్నట్టు వినపడాలి. అలాకాక గొంతు ఎటో చెదిరిపోయి, బేస్ కూడా పల్చబడిందంటే, ఏదో ఒక స్పీకర్‌కు ఎరుపు వైరు నలుపులో, నలుపు వైరు ఎరుపులో పడిందన్నమాట. ఒక కోన్ (స్పీకర్ ముందు కదిలే గిన్నెలాంటి భాగం) ముందుకొచ్చినప్పుడు ఇంకోటి వెనక్కి పోతుంది, బేస్ అక్కడే చచ్చిపోతుంది. "స్పీకర్లు బాగాలేవు, వాపస్ తీసుకో" అని వచ్చిన ఫోన్లలో చాలా వాటికి మందు ఆ వైర్లు మార్చి గుచ్చడమే.

అపోహ: బేస్ రావాలంటే పెద్ద ఊఫర్ కావాలి

మన ఇళ్లలో బేస్ తక్కువై కాదు, ఎక్కువై చెడుతోంది. స్లాబ్ ఇల్లు, కింద టైల్స్, నాలుగు బోడి గోడలు, 12 బై 12 గది. పన్నెండడుగుల దూరంలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర బేస్ అటూ ఇటూ కొట్టుకుని పెరిగిపోతుంది. గది చతురస్రం కాబట్టి రెండు వైపులా అదే 47 వచ్చి పడుతుంది. పదడుగుల ఎత్తున్న స్లాబ్ 56 దగ్గర తనవంతు కలుపుతుంది. వెనక గోడకు ఆనించిన సోఫాలో కూర్చున్నవాడికి ఆ గుమ్‌గుమ్ తప్ప పాట వినపడదు. గది నట్టనడుమ నిలబడినవాడికి అదే బేస్ దాదాపు మాయం. ముందు సోఫాను రెండడుగులు ముందుకు జరపండి. స్పీకర్లను షోకేసు అరలోంచి, గది మూలలోంచి బయటికి తీయండి. పది అంగుళాల ఊఫర్ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

అపోహ: గోడలకు గుడ్ల ట్రేలు, థర్మాకోల్ అంటిస్తే సరి

రెండూ దండగే. థర్మాకోల్‌లో గాలి ఆడదు, అందుకే ధ్వనిని పీల్చుకోదు. గుడ్ల ట్రే పల్చటి అట్ట. గదిలో చప్పట్లు కొట్టి చూడండి, "టర్ర్" మని తిరిగొస్తే గోడలకు మెత్తటి, బరువైన గుడ్డ కావాలి. పాలమూరు వైపు వాళ్ల ఇళ్లలో గొంగడి ఉండనే ఉంటుంది. ఉన్ని గొంగడిని గోడకు రెండంగుళాల ఎడం ఉంచి వేలాడదీస్తే ట్రెబుల్ గోల బాగా తగ్గుతుంది. మందపాటి కర్టెన్లు, నేల మీద బొంత కూడా అదే పని చేస్తాయి. బేస్‌కు మాత్రం ఇవేవీ ఆనవు. 100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవే మూడున్నర మీటర్లకు దగ్గరగా ఉంటుంది.

అపోహ: వైరు ఖరీదైనదైతే సౌండ్ మారుతుంది

మారదు. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఐదు మీటర్ల దూరం లాగితే రానూపోనూ కలిపి రెసిస్టెన్స్ 0.12 ఓమ్. 8 ఓమ్స్ స్పీకర్ దగ్గర అదొక లెక్క కాదు. రాగి అసలుదో కాదో మాత్రం చూసుకోండి. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం.

అపోహ: షాపులో బాగుంటే ఇంట్లోనూ బాగుంటుంది

షాపువాణ్నే చెప్తున్నా, నమ్మకండి. రెండు స్పీకర్లలో ఒకదాని వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, కొనేవాడు దాన్నే బాగుందంటాడు. కళ్లు కూడా మోసం చేస్తాయి. 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒకే స్పీకర్లను ఒకే శ్రోతలకు చూపిస్తూ ఒకసారి, కనపడకుండా ఒకసారి వినిపించారు. పెద్ద అందమైన పెట్టెలకూ చిన్న చవక సెట్టుకూ మధ్య మార్కుల తేడా చూస్తూ విన్నప్పుడు ఎక్కువగా, చూడకుండా విన్నప్పుడు తక్కువగా వచ్చింది. మీకు అక్షరం అక్షరం తెలిసిన పాట తీసుకెళ్లండి, గొంతు వినండి. వీలైతే రెండు రోజులు ఇంటికి తెచ్చుకునే ఒప్పందం మీద కొనండి.

అపోహ: సెకండ్ హ్యాండ్ జోలికి పోవద్దు

తక్కువ డబ్బుకు నిజంగా మంచి స్పీకర్లు దొరికే దారి ఇదే. ఆంప్లిఫైయర్ లోపల లేని పాసివ్ స్పీకర్‌లో పాడయ్యేవి తక్కువ. గ్రిల్ తీసి కోన్ చుట్టూ ఉండే రింగు చూడండి. రబ్బరుదైతే ఏళ్ల తరబడి ఉంటుంది. ఫోమ్‌దైతే మన ఎండలకు పొడిపొడి అవుతుంది, వేలితో తాకగానే రాలుతుంది. కోన్ మీద నాలుగు వేళ్లూ సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. లోపల గీసుకున్న చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) పక్కకు పోయింది, వదిలేయండి. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్‌ను ఎరుపు టెర్మినల్‌కు, మైనస్‌ను నలుపుకు ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి కదలాలి. ట్వీటర్‌కు చెవి దగ్గర పెట్టి అది పలుకుతోందో లేదో విడిగా వినండి. ఫోమ్ ఒక్కటే పోతే ధర తగ్గించి తీసుకోవచ్చు, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో స్పేర్లు వెతుక్కోవచ్చు.

అపోహ: "గుయ్" మని మోగితే స్పీకర్ పోయినట్టే

చాలాసార్లు తప్పు కేబుల్ టీవీ వైరుది. సెట్‌టాప్ బాక్స్ నుంచి ఆ వైరు ఊడదీసి వినండి. మోత ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసి వచ్చే మోత, స్పీకర్‌కు ఏమీ కాలేదు. ఆ వైరుకు ఐసోలేటర్ (ఆ ఎర్త్ కలయికను తెంచే చిన్న పరికరం) పెట్టిస్తే సరిపోతుంది. మోత పోవాలని ఆంప్లిఫైయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, షాక్ కొడుతుంది.