నువ్వెవరని అడగని నెట్‌వర్క్

‘డిజిటల్ అరెస్ట్’ అంటూ వీడియో కాల్ చేసి, పోలీసు యూనిఫాంలో కనిపించి, పెద్దవాళ్లు జీవితమంతా దాచుకున్న డబ్బు ఊడ్చేస్తున్న వార్తలు తరచూ చదువుతున్నాం. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మోదీ ‘మన్ కీ బాత్’లో స్వయంగా ఈ మాట చెప్పాల్సి వచ్చింది. అయినా మోసపోయినవాళ్లను చూసి ‘చదువుకుని కూడా ఎలా నమ్మారు?’ అనేవాళ్లే ఎక్కువ. ఆ మాట అన్యాయం. అవతలివైపు ఉన్నది నిజంగా ఎవరో తేల్చే ఏర్పాటు ఇంటర్నెట్ పునాదిలోనే లేదు. అది నిన్నమొన్నటి లోపం కాదు.

1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటర్‌లోకి ‘లాగిన్’ అని టైపు చేయబోయాడు. రెండక్షరాలు వెళ్లేసరికి అవతలి యంత్రం కుప్పకూలింది. గంట తర్వాత మళ్లీ ప్రయత్నిస్తే పనిచేసింది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో అదే తొలి సందేశం. ఆ ఏడాది చివరికి శాంటా బార్బరా, యూటా విశ్వవిద్యాలయాలు కూడా కలిసి మొత్తం నాలుగు చోట్లకు చేరింది. అణుయుద్ధాన్ని తట్టుకోవడానికే ఇది పుట్టిందని చాలాచోట్ల రాస్తుంటారు, అది సరికాదు. ఆ కోణంలో ఆలోచించింది ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన పాల్ బారన్. డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖకు చెందిన పరిశోధన విభాగం ఆర్పాయే అయినా, దాని అవసరం వేరు. అప్పట్లో కంప్యూటర్ల ఖరీదు చాలా ఎక్కువ. ఒకచోట ఉన్న యంత్రాన్ని ఇంకోచోటి పరిశోధకులు కూడా వాడుకోగలగాలి, అంతే.

వాడేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లు. పరిశోధన సంస్థల గదుల్లో ఉన్న యంత్రాల దగ్గరికి బయటివాళ్లు వచ్చే అవకాశం తక్కువ. అలాంటి చోట ‘నువ్వెవరు?’ అని అడగాలన్న ఆలోచన పెద్దగా రాలేదు.

అలాగని ఎవరూ హెచ్చరించలేదని కాదు. 1973 డిసెంబరులో బాబ్ మెట్‌కాఫ్ తోటి ఇంజినీర్లకు ఒక చిన్న నోట్ రాశాడు. తర్వాతి కాలంలో, ఒకచోట ఉన్న కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్‌నెట్ సృష్టికర్తల్లో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడే, ఆయనే. చాలామంది తమ పేరునో, పేరులోని పొడి అక్షరాలనో పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటున్నారని, ఫోన్ లైను ద్వారా బయటివాళ్లు తేలిగ్గా లోపలికి రాగలుగుతున్నారని చెప్పాడు. ఒకచోట అత్యున్నత అధికారమున్న పాస్‌వర్డ్ ఇద్దరు హైస్కూలు పిల్లల చేతికి చిక్కిందనీ రాశాడు. యాభై ఏళ్లు దాటాయి. ఆ నోట్‌లోని మొదటి ఫిర్యాదు ఇప్పటికీ అలాగే ఉంది.

1982లో జాన్ పోస్టెల్ ఈ-మెయిల్ రవాణాకు నియమాలు రాశాడు. వాటిలో పంపినవారి చిరునామా నిజమా కాదా అని సరిచూసే పద్ధతి లేదు. కవరు మీద ‘ఫ్రమ్’ అడ్రసు ఎవరిది రాసినా పోస్ట్‌మన్ ఉత్తరం ఇచ్చి వెళ్లిపోయినట్టే. బ్యాంకు పేరుతో దొంగ మెయిల్స్ పుట్టింది ఈ ఖాళీలోంచే. దాన్ని పూడ్చే ఏర్పాట్లు తర్వాత ఒక్కొక్కటిగా అతికించారు.

వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రకటించిన ఆలోచన నుంచి, వేర్వేరు నెట్‌వర్క్‌ల్లోని కంప్యూటర్లు సమాచారం పంపుకునే నియమావళి టీసీపీ/ఐపీ వచ్చింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం దానికి మారింది. మధ్యలో ఉన్న నెట్‌వర్క్ పని ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, మోయడమే. లోపల ఏముందో, ఎవరు పంపారో పట్టించుకోదు. కాపలా లేకపోవడం వల్ల జరిగిన మేలు మాత్రం మామూలుది కాదు. టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించి, తర్వాత నిర్మించినప్పుడు ఏ టెలిఫోన్ కంపెనీ అనుమతీ అడగాల్సిన పని పడలేదు. 1993 ఏప్రిల్ 30న ఆయన పనిచేసిన యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ దాన్ని రుసుము లేకుండా అందరికీ ఇచ్చేసింది. ఆ స్వేచ్ఛ, ఈ మోసాలు రెండూ ఒకే నిర్ణయం నుంచి వచ్చాయి. అందుకే గట్టి కాపలా పెట్టేస్తే సరిపోతుందన్న వాదనతో నేను ఏకీభవించలేను.

తెలిసినవాళ్ల లోకం అన్న భ్రమను 1988 నవంబరు 2 చెదరగొట్టింది. కోర్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ‘వార్మ్’ అనే ప్రోగ్రామ్ తనంతట తాను ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకింది. అప్పటికి నెట్‌లో ఉన్న దాదాపు 60,000 కంప్యూటర్లలో సుమారు 6,000 దాని బారిన పడ్డాయని అంచనా. ఆ దెబ్బతోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ దాడులను ఎదుర్కొనే తొలి అత్యవసర స్పందన బృందం ఏర్పడింది.

వ్యాపారం తర్వాత వచ్చింది. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచిన ప్రధాన నెట్‌వర్క్ ఎన్ఎస్ఎఫ్‌నెట్‌లో మొదట వాణిజ్య వాడకం నిషిద్ధం. 1995లో దాన్ని మూసేసి, రవాణా ప్రైవేటు కంపెనీలకు వదిలారు. కార్డు నంబర్లు దారిలో దొంగల పాలు కాకుండా బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీ, సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపే ఎస్ఎస్ఎల్ పద్ధతి తెచ్చింది. బ్రౌజర్‌లో తాళం గుర్తు అలా వచ్చిందే. మీ మాటలు మధ్యలో ఎవరూ వినడం లేదని ఆ తాళం చెబుతుంది. అవతలివాడు మంచివాడని చెప్పదు. ఈ తేడాను మన బ్యాంకులు ఖాతాదారులకు సరిగ్గా చెప్పనేలేదు.

మన దేశంలో 1986లో ఎర్‌నెట్ అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్ విద్యాసంస్థలను కలపడం మొదలుపెట్టింది. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. కానీ అసలు మలుపు 2016. ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబరులో జియో, నవంబరులో నోట్ల రద్దు. అమెరికాలో తొలి సందేశానికీ వెబ్‌లో వ్యాపారానికీ మధ్య పాతికేళ్లు గడిచాయి. మన ఊళ్లలో ఎంతోమందికి నెట్, స్మార్ట్‌ఫోన్, డబ్బు బదిలీ ఒకేసారి చేతికి వచ్చాయి. అలవాటు పడే గడువే దొరకలేదు.

దర్యాప్తు ఇంకో చిక్కు. బాధితుడు వరంగల్‌లో, సర్వర్ ఇంకో దేశంలో, ఫోన్ చేసినవాడు కంబోడియాలోనో మయన్మార్‌లోనో ఉన్న స్కామ్ కేంద్రంలో ఉంటాడు. విదేశం నుంచి మన కంప్యూటర్ల మీద చేసే నేరాలకూ ఐటీ చట్టంలోని 75వ సెక్షన్ వర్తిస్తుంది. అయితే ఆధారాలు రావాలంటే ఆ దేశం సహకరించాలి. సైబర్ నేరాలపై దేశాలు సహకరించుకునే 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో భారత్ చేరలేదు. 2024 డిసెంబరు 24న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సైబర్ నేరాలపై కొత్త ఒప్పందాన్ని ఆమోదించింది. ఆధారాలు పంచుకోవాలన్న పేరుతో ప్రభుత్వాలు సొంత పౌరుల మీదే నిఘా పెట్టవచ్చని మానవ హక్కుల సంఘాలు దాన్ని వ్యతిరేకించాయి. ఆ ఒప్పందం అమల్లోకి రావాలంటే 40 దేశాలు దాన్ని ధ్రువీకరించాలి.