మూడు చీటీలు, ఒకే మోకాలు

మోకాళ్ల నొప్పులతో మా అమ్మ తిరిగిన రోజుల్లో ఆమె గుడ్డసంచిలో మూడు చీటీలు ఉండేవి. అల్లోపతి డాక్టరు రాసింది ఆర్థరైటిస్. ఆయుర్వేద వైద్యుడు రాసింది సంధివాతం. పాతబస్తీ హకీంగారు ఉర్దూలో రాసింది వజ ఉల్ మఫాసిల్. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు. ఏ మందుతో ఏది కలిపి వేసుకోవచ్చో చెప్పేవాళ్లు లేక ఆమె పడ్డ టెన్షన్ నేను చూశాను. సంపూర్ణ ఆరోగ్యం కోసం దేశాలు చేతులు కలపాలన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ సంచే గుర్తొస్తుంది.

వైద్యంలో ఇచ్చిపుచ్చుకోవడం హైదరాబాద్‌కు కొత్త కాదు. హకీంలు చేసే వైద్యం యూనానీ. ఆ మాటకే గ్రీకులది అని అర్థం. ఆ విద్యను అరబ్బులు తమ భాషలోకి తెచ్చుకున్నారు, పారశీకులు పెంచారు, అక్కడి నుంచి అది దక్కనుకు చేరింది. 1595లో కులీ కుతుబ్ షా కట్టించిన దారుల్‌షిఫా ఆస్పత్రిలో రోగులకు వైద్యం, విద్యార్థులకు చదువు ఒకే చోట సాగేవి. ఇప్పుడు అది ఒక పేట పేరుగా మిగిలింది. ఏడో నిజాం కాలంలో చార్మినార్ పక్కన వెలిసిన నిజామియా ఆస్పత్రి మాత్రం ఇంకా నడుస్తోంది. లాడ్‌బజార్ గాజుల దుకాణాలు షట్టర్లు తీయకముందే అక్కడ ఓపీ చీటీ కోసం జనం నిలబడి ఉంటారు.

ప్రకృతి వైద్యం వచ్చిన దారి నాకు మరీ ఇష్టం. జర్మనీలో లైప్‌జిగ్ నగరానికి చెందిన లూయీ కూనే రాసిన చికిత్సా గ్రంథాన్ని 1894లో ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ అనువాదాలు ఆ తర్వాత పదేళ్లకు గాని రాలేదు. ఈ దేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం మొదలైంది తెలుగు పుస్తకంతోనే! కూనే చెప్పిన తొట్టిస్నానం చాలా సులువు: కాళ్లు బయట పెట్టి, బొడ్డు దాకా చన్నీళ్లు ఉన్న తొట్టిలో కూర్చుని, పొత్తికడుపును ముతకగుడ్డతో మెల్లగా రుద్దుకోవడం. 1949లో డాక్టర్ బి. వెంకట్రావు హైదరాబాద్‌లో ప్రకృతి చికిత్సాలయం స్థాపించారు. 1970లో కాలేజీ కూడా వచ్చింది.

ఇక ప్రపంచ సంస్థల సంగతి. రోగం లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదని, ఒళ్లు, మనసు, నలుగురితో బతుకు అన్నీ బాగుండాలని 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి ఆనాడే చెప్పింది. అందరికీ ప్రాథమిక వైద్యం అందాలన్న 1978 అల్మా అటా ప్రకటన సంప్రదాయ వైద్యులకూ చోటిచ్చింది. ఐక్యరాజ్య సమితి 2014లో యోగా దినాన్ని, 2024లో ధ్యాన దినాన్ని ప్రకటించింది. మంచిదే, ఆ వంకనైనా మనిషి కాసేపు తన ఊపిరిని గమనించుకుంటాడు.

కానీ నా లెక్కలో అంతకన్నా పెద్ద పని 2024 జనవరిలో జరిగింది. రోగాల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-11లో ఆయుర్వేదం, తమిళుల సిద్ధ వైద్యం, యూనానీ వాడే రోగాల పేర్లకు కోడ్‌లతో ఒక విభాగం విడుదలైంది. అల్లోపతి పేరు పక్కనే సంధివాతమో, ఆమవాతమో అదే రికార్డులో ఎక్కించే వీలు కలిగింది. పేరు లెక్కల్లోకి ఎక్కితేనే ఏ చికిత్స ఎవరికి పనిచేసిందో, ఎవరికి హాని చేసిందో తేలుతుంది.

ఇలాంటి పనికి హైదరాబాద్‌లో గట్టి పునాది ఉంది. గడ్డిఅన్నారంలోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ పాత రాతప్రతులను, వైద్య చరిత్రను పరిశోధిస్తుంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సంప్రదాయ వైద్య మౌలిక, గ్రంథ పరిశోధనలో తన సహకార కేంద్రంగా గుర్తించింది. ఒక రోగం పేరును ఏ గ్రంథం ఏ అర్థంలో వాడిందో ఓపిగ్గా తేల్చేవాళ్లు లేకపోతే ఆ కోడ్‌లకు విలువ ఉండదు.

మిగిలింది ఓపీ గది. అక్కడ కంప్యూటర్ ముందున్నవాళ్లు రెండు పేర్లూ ఎక్కించాలి. ఆ తర్వాత చూసే డాక్టరు, ఏ వైద్యం వాడైనా సరే, మందు రాసే ముందు ఆ రెండూ చదవాలి.