గ్లాడియేటర్లు: సీరీస్‌లో చూసింది వేరు, చరిత్రలో జరిగింది వేరు

రోమన్ చరిత్ర మొదలుపెట్టగానే మా డిగ్రీ పిల్లలు అడిగేది స్పార్టకస్ టీవీ సీరీస్ గురించే. స్పార్టకస్ అంటే రోమ్ మీద బానిసల తిరుగుబాటు నడిపిన గ్లాడియేటర్, అంటే జనం ముందు ఆయుధాలతో తలపడే యోధుడు. "ఓడినవాణ్ణి అక్కడే చంపేసేవాళ్లు కదా మేడమ్?" అడగడం మంచిదే. కానీ సెమినార్ పేపర్లలో, పరీక్షల్లో కూడా అదే రాసి మార్కులు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: గ్లాడియేటర్ పోటీ అంటే ఒకరు చావాల్సిందే.

వాస్తవం: కాదు. ముందు డబ్బు లెక్క చూడండి. గ్లాడియేటర్‌ను కొని, తిండి పెట్టి, శిక్షణ ఇచ్చేవాడు లానిస్టా. పోటీలు జరిపేవాళ్లు అతని దగ్గర మనుషుల్ని అద్దెకు తీసుకునేవారు. రోమన్ న్యాయశాస్త్రవేత్త గైయస్ ఇచ్చిన ఉదాహరణలో, మనిషి క్షేమంగా తిరిగొస్తే 20 దెనారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) ఇస్తే సరిపోతుంది. చనిపోయినా, అవిటివాడైనా 1,000 కట్టాలి. యాభై రెట్లు! ప్రతి పోటీకీ ఒక శవం లేవాలంటే ఎవరు భరిస్తారు?

సిసిలీలో ఫ్లామా అనే గ్లాడియేటర్ సమాధి రాయి దొరికింది. బతికింది 30 ఏళ్లు, పోటీలు 34, గెలుపులు 21, సమానంగా ముగిసినవి 9, ఓడినా ప్రాణాలతో వదిలేసినవి 4. ఓటమి అంటే చావే అయితే ఆ నాలుగు ఎక్కడివి? ఇటలీలోని ప్రాచీన నగరం పాంపేలో గోడ మీద గీసిన బొమ్మల్లోనూ ఇదే కనిపిస్తుంది. అప్పటికే 12 గెలుపులున్న హిలారస్, మార్కస్ అటిలియస్ అనే కొత్తవాడి చేతిలో ఓడాడు. అతణ్ణీ బతకనిచ్చారు.

అలాగని అది ఆట మాత్రమే అనుకోకండి. చాలామంది చచ్చారు. మధ్యాహ్నం పూట మరణశిక్ష పడ్డ ఖైదీలను జనం ముందు చంపడం మాత్రం వేరే కార్యక్రమం. రీల్స్ చేసేవాళ్లు ఈ రెండిటినీ కలిపేస్తున్నారు.

ఒకమ్మాయి సెమినార్ పేపర్ మొత్తం ఈ ఒక్క పొరపాటు మీదే కట్టుకుంది. తిరిగి రాయమన్నారని ఏడ్చుకుంటూ వచ్చింది. ఫ్లామా శాసనం చూపించి, "నీ ప్రశ్న బాగుంది, ఆధారమే తప్పు" అన్నాను. రెండోసారి రాసిన పేపర్ నేను ఇప్పటికీ మిగతా పిల్లలకి చూపిస్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బొటనవేలు కిందికి దించితే చావు అన్న నమ్మకం ఎక్కువగా ఫ్రెంచ్ చిత్రకారుడు జెరోమ్ 1872లో వేసిన పెయింటింగ్ వల్ల పాతుకుపోయింది. స్పార్టకస్ రోమ్‌లోని పెద్ద పోటీల మైదానం కొలోసియంలో పోరాడలేదు. అతను చనిపోయింది క్రీ.పూ. 71లో, కొలోసియం తెరిచింది క్రీ.శ. 80లో. బానిసత్వాన్ని రద్దు చేయాలని అతను ప్రకటించినట్టు ఏ ప్రాచీన రచయితా రాయలేదు. ఆల్ప్స్ దాటించి అందరినీ సొంత ఊళ్లకు పంపాలనుకున్నాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

సీరీస్‌లో అంతా కల్పనే అని కొట్టిపారేయడమూ తప్పే. ఇటలీలోని కాపువా ఊళ్లో బతియాతస్ గ్లాడియేటర్ శిక్షణశాల, వంటింటి కత్తులతో తప్పించుకోవడం, వెసూవియస్ కొండ మీంచి అడవి తీగల నిచ్చెనలతో దిగడం, స్పార్టకస్ తోటి నాయకుడు క్రిక్సస్, తిరుగుబాటుదారుల మీదికి వెళ్లిన రోమన్ సేనాని గ్లాబర్ అన్నీ చరిత్రలో ఉన్నవే. కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడవునా 6,000 మంది తిరుగుబాటుదారులను శిలువ వేయించిన రోమన్ సేనాని క్రాసస్ కూడా.

"మా అబ్బాయి ఇది చూస్తున్నాడు, చెడిపోతాడా?" అని టెన్షన్ పడే తల్లిదండ్రులకు ఒక మాట. అది పెద్దల కోసం తీసిన సీరీస్, స్కూలు పిల్లలకు వద్దు. డిగ్రీ చదివేవాళ్లు చూస్తే కంగారు పడకండి, పక్కన ప్లూటార్క్ రాసిన క్రాసస్ జీవితం పెట్టండి. ఇంగ్లిష్ అనువాదం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, స్పార్టకస్ భాగం కొన్ని పేజీలే.